బిల్లు లేని ప్యాకెట్టు

మొన్న ఆదివారం ఉదయం కాఫీ గ్లాసు పుచ్చుకొని పత్రిక విప్పానో లేదో, గేటు దగ్గర మోటారు సైకిలు ఆగింది. దిగినవాడు నా పాత శిష్యుడు. పదిహేనేళ్ల కిందట డిగ్రీలో నా దగ్గర ఛందస్సు చదివాడు. చదివాడనడం మర్యాదకే గాని, గణాలు లెక్కపెట్టమంటే కిటికీలోంచి మబ్బులు లెక్కపెట్టేవాడు. ఇప్పుడు మహబూబాబాదు దగ్గర విత్తనాలు, ఎరువుల దుకాణం నడుపుతున్నాడు. మహబూబాబాదు అని రాస్తున్నాను గాని, మా వైపు ఎవరిని అడిగినా మానుకోట అనే అంటారు.

కుర్చీ అంచున కూర్చుని, "సార్, ఒక ఉత్తరం రాసి పెట్టాలె" అన్నాడు.

తెలుగు మాస్టారు దగ్గరకు జనం ఎందుకు వస్తారో నాకు తెలియనిది కాదు. శుభలేఖలు, సన్మాన పత్రాలు, పోయినవారి మీద నాలుగు మంచి మాటలు. "ఎవరికిరా ఉత్తరం? మంత్రిగారికా?" అన్నాను.

"కాదు సార్. వరంగల్ల నాకు విత్తనాలిచ్చే డిస్ట్రిబ్యూటరుకు."

నేను నవ్వబోయి, వాడి ముఖం చూసి ఊరుకున్నాను. అప్పుడు చెప్పాడు, పోయిన ఏడాది కథ.

2025లో నైరుతి తొందరపడి మే ఆఖరి వారంలోనే తెలంగాణలో అడుగుపెట్టిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. రోహిణి కార్తెలోనే వానలు పడేసరికి రైతులు దుక్కులు సిద్ధం చేసుకొని దుకాణాల మీద పడ్డారు. మావాడికి ఆరేళ్లుగా సరుకు ఇస్తున్న వరంగల్ డిస్ట్రిబ్యూటరు దగ్గర ఆ రోజుకు రైతులు అడిగిన రకం పత్తి గింజ లేదు. "వారం ఆగు, లోడు వస్తున్నది" అన్నాడాయన. వారం ఆగడానికి దుకాణదారుకు ఓపిక ఉంటుంది గాని పదునైన నేలకు ఉంటుందా? రైతు పక్క దుకాణానికి పోతాడు.

సరిగ్గా ఆ సాయంత్రమే ఒక మహాశయుడు కారులో దిగాడు. చేతిలో మిఠాయి డబ్బా, నోట్లో తియ్యటి మాట. రైతులు అడిగే రకమే ఉన్నదన్నాడు. డబ్బు దసరా తరువాత ఇవ్వవచ్చునన్నాడు. మిగిలిన ప్యాకెట్లు వాపసు తీసుకుంటానన్నాడు. ప్యాకెట్టుకు 250 రూపాయలు మిగులుతుందన్నాడు. అన్నీ ఉన్నవి, బిల్లు ఒక్కటే లేదు. "బిల్లెందుకన్నా, మనకు మనకు మాటే బిల్లు" అన్నాడట.

ఇక్కడ ఈ వ్యాపారంలోని మెలిక ఒకటి చెప్పాలి. బి.టి. పత్తి గింజలకు దుకాణదారు ఇష్టం వచ్చిన ధర పెట్టడానికి వీలులేదు. 2015 నాటి పత్తి విత్తన ధరల ఉత్తర్వు కింద కేంద్ర ప్రభుత్వమే ఏటా గరిష్ఠ ధర నిర్ణయిస్తుంది. 2025–26 సీజనుకు 475 గ్రాముల బోల్‌గార్డ్–2 ప్యాకెట్టు ధర 901 రూపాయలు. అమ్మే ధర కదలదు కనుక లాభం పెరగాలంటే కొనే ధరే తగ్గాలి. వరంగల్ డిస్ట్రిబ్యూటరు దగ్గర మావాడికి మిగిలేది అందులో సగం కూడా కాదు. కుర్రవాడికి పిల్లల ఫీజులున్నాయి, దుకాణం అద్దె ఉన్నది. పుచ్చుకున్నాడు.

38 ప్యాకెట్లు. 11 మంది రైతులు కొన్నారు. ఎకరానికి రెండు ప్యాకెట్ల చొప్పున పందొమ్మిది ఎకరాలన్నమాట. అందులో రెండెకరాలు వాడి సొంత మేనమామవి.

తీరా చూస్తే గింజ మొలవలేదు. అసలే మొలవలేదంటే తప్పు. సాలుకు నాలుగు మొక్కలు లేచి, తక్కినదంతా ఖాళీ. కారు మహాశయుడికి ఫోను చేస్తే మొదటి రోజు "వానలు ఆగిపోయినయి కదన్నా, గింజదేం తప్పు?" అన్నాడు. జూను మొదటి పక్షంలో వానలు ముఖం చాటేసిన మాట నిజమే. కాని గట్టుకు అవతల పక్క చేనులో, అదే వానకు, బిల్లు మీద కొన్న గింజ చక్కగా లేచి నిలబడి ఉన్నది. రెండో రోజు నుంచి ఆ ఫోను మోగలేదు.

"పదకొండు మంది వచ్చి దుకాణం ముందట కూసున్నరు సార్. ఒక్కలు గూడ తిట్టలే. తిడితే బాగుండు. మా మామ అయితే, 'ఎవరి దగ్గర కొన్నవురా?' అని ఒక్క మాట అడిగిండు. ఏం చెప్పాలె? పేరు దెల్వదు, ఊరు దెల్వదు, కాయిదం లేదు."

మూడురోజులు నిద్రపోక, నాలుగో రోజు మండల వ్యవసాయాధికారి దగ్గరకు తానే వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. లైసెన్సు మూడు నెలలు ఆగిపోయింది. గింజల డబ్బు 34,238 రూపాయలు పదకొండు మందికీ లెక్కకట్టి తిరిగి ఇచ్చాడు. దున్నిన ఖర్చు, కూలి ఖర్చు, పోయిన అదును ఎవరు ఇస్తారు? అవి రైతుల నెత్తినే పడ్డాయి. మేనమామ డబ్బు పుచ్చుకున్నాడు గాని, దసరాకు ఇంటికి రాలేదు.

ఈ కథ వింటున్నంతసేపూ నాకు మరొక కాలం గుర్తుకు వచ్చింది. 2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి మూడూ ఒకే వరంగల్ జిల్లాలోవి. 1997–98లో ఆ జిల్లా పత్తిని లద్దెపురుగు తినివేసింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. అప్పులపాలైన రైతులు ఎందరో ప్రాణాలు తీసుకున్నారు. వాళ్లలో చాలామందికి మందులు అమ్మినవాడే అప్పు ఇచ్చినవాడు కూడాను. అప్పటికి నేను విద్యార్థిని. మందు డబ్బాలో ఏమున్నదో అమ్మినవాడికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు అని ఊళ్లో చెప్పుకునేవారు.

ఆ తరువాత 2002లో మూడు బి.టి. పత్తి రకాలు దేశంలో మొదటిసారి ప్రభుత్వ అనుమతితో అమ్మకానికి వచ్చాయి. వరంగల్ జిల్లాలో వాటిని వేసి దెబ్బతిన్న రైతులున్నారు. నష్టపరిహారం గొడవ ఏళ్ల తరబడి నడిచింది. 2005 మేలో ఆ మూడు రకాలనూ ఆంధ్రప్రదేశ్‌లో అమ్మడానికి అనుమతి కొనసాగించకుండా ఆపివేశారు. అంటే ప్రభుత్వ ముద్ర, కంపెనీ పేరు, బిల్లు అన్నీ ఉన్న గింజ కూడా ముంచవచ్చును. కాని అప్పుడు నిలదీయడానికి ఎదుట ఒకరు నిలబడి ఉన్నారు. మావాడికి ఆ భాగ్యం కూడా లేకపోయింది.

చట్టాల సంగతి చెబితే ఈ పేజీ తిప్పేస్తారని భయం ఉన్నది గాని, రెండు ముక్కలు చెప్పక తప్పదు. 1983 నాటి విత్తనాల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం లైసెన్సు ఉన్న దుకాణదారు నగదుకు అమ్మినా, ఉద్దెరకు అమ్మినా రశీదు ఇచ్చి తీరాలి. ఉన్న సరుకు, ధర బోర్డు మీద రాసి పెట్టాలి. 1966లో చేసిన విత్తనాల చట్టం మాత్రం, చెప్పవద్దూ, మొదటి తప్పుకు రాసిన జరిమానా అయిదు వందల రూపాయలకు మించదు. 1966లో అయిదు వందలంటే గుమాస్తాగారి రెండు మూడు నెలల జీతమేమో! తరువాతి కాలంలో తెలంగాణలో నకిలీ విత్తనాలవారి మీద పి.డి. చట్టం కూడా ప్రయోగిస్తున్నారనుకోండి.

నా మనస్సుకు నచ్చిన ముక్క వేరే ఉన్నది. 2012 జనవరిలో జాతీయ విత్తన సంస్థ కేసులో సుప్రీంకోర్టు, విత్తనం కొన్న రైతు కూడా వినియోగదారుడేనని తేల్చి చెప్పింది. అంతకుముందు, "పరీక్షకు గింజలు దాచలేదు కదా, నీ ఫిర్యాదు చెల్లదు" అని రైతును బయటికి పంపే వాదం ఒకటి ఉండేది. రైతు గింజలన్నీ నేలలో వేస్తాడు గాని పరీక్ష కోసం మూట కట్టి దాచుకుంటాడా అన్నది న్యాయస్థానం. ఎంత ఇంగితమున్న మాట! ఇక 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం మరొక మెట్టు ఎక్కింది. సరుకు తయారుచేసినవాడు ఎవరో తెలియకపోతే, అమ్మిన దుకాణదారే ఆ బాధ్యత మోయవలసి వస్తుంది. బిల్లు లేకుండా కొన్నవాడు పరాయివాడి పాపాన్ని తన పేర రాయించుకుంటున్నాడన్నమాట.

"అయితే ఇప్పుడు వరంగల్ ఆయనకు ఉత్తరం దేనికి?" అన్నాను.

"ఆయన నన్ను నమ్మడు సార్ ఇప్పుడు."

ఇది నేను అనుకోని మాట. సరుకు ఇచ్చేవాణ్ణి మనం ఎంచుకుంటామనే అనుకుంటాం. వాళ్లూ మనను ఎంచుకుంటారు. ఆరేళ్లు బాకీ సరిగా కట్టిన కుర్రవాడు ఒక్క వారం ఆగలేక ఎవరి దగ్గరో సరుకు దించుకున్నాడనీ, లైసెన్సు ఆగిందనీ తెలిసిన తరువాత, ఆయన "మొత్తం డబ్బు ముందే కట్టు" అంటున్నాడట. ఆయన తప్పేమున్నది? అందుకని మావాడు మాట మీద కాకుండా కాగితం మీద ఒప్పందం పెట్టుకుందామని అనుకున్నాడు. తన తరఫున ఏమి చేస్తాడో, వారి తరఫున ఏమి కోరుతున్నాడో అన్నీ తెలుగులో, ఇద్దరికీ అర్థమయ్యేట్టు.

కాగితం, కలం తెచ్చుకున్నాను. కాని ఏమి రాయాలి? యతిప్రాసలు చెప్పే నాకు వ్యాపారపు షరతులు ఏమి తెలుసు? అప్పుడు జనగామలోని మా పెద్దబాపు జ్ఞాపకం వచ్చాడు.

మా నాన్నగారి అన్నగారాయన. జనగామలో చిన్న కిరాణా దుకాణం. సెలవుల్లో నేను అక్కడే పొట్లాలు కట్టేవాణ్ణి. హైదరాబాదు బేగంబజారులో ఒక మార్వాడీ సేటు దగ్గరనుంచి సరుకు వచ్చేది. పప్పులు, చక్కెర, జీలకర్ర, మిరియాలు. కొంత సరుకు మాత్రం ఎప్పుడూ వరంగల్ నుంచి తెప్పించేవాడు, ధర అర్ధరూపాయి ఎక్కువైనా సరే. "రెండు చోట్ల ఎందుకు పెద్దబాపూ?" అని అడిగితే, "ఒక్కని మీదనే పడితే వాడు చెప్పిందే ధర అయితది. పది చోట్ల తెస్తే ఎవనికీ నువ్వు అక్కరకు రావు" అనేవాడు.

ఒకసారి కందిపప్పు బస్తా విప్పితే అడుగున తడి, బూజు వాసన. పెద్దమ్మ, "ఎండబోసి అమ్మితే ఎవరికి తెలుస్తది?" అన్నది. పెద్దబాపు ఉలుకూ పలుకూ లేకుండా బస్తా నోరు కుట్టి, అదే రోజు రైలుకు సాగనంపాడు, లోపల బిల్లు నకలు పెట్టి. వారం తిరగకుండా వేరే బస్తా వచ్చింది, రవాణా ఖర్చు కూడా కట్టి. సేటు అంత ధర్మాత్ముడని కాదు. పెద్దబాపు బాకీ ఏనాడూ చెప్పిన రోజు దాటలేదు. దీపావళికి ఖాతా తేల్చాలంటే, జేబులో డబ్బు లేకపోతే చేబదులు తెచ్చి అయినా తేల్చేవాడు. బాకీ ఎగవేసేవాడు పప్పు బాగాలేదంటే, అది పప్పు మీద నేరమా, డబ్బు ఇవ్వకుండా ఉండడానికి సాకా అని సేటుకు అనుమానం రాదూ?

ఇదంతా దుకాణదారుల గొడవ, మనకెందుకు అంటారేమో. ఈ పేజీ చదివే అక్కచెల్లెళ్లలో ఇంట్లోనే చీరలు అమ్మేవారు, పచ్చళ్లు పెట్టి అమ్మేవారు, వీధి గదిలో చిన్న స్టోర్ తెరిచినవారు ఎంతమంది లేరు? మా మరదలు భూపాలపల్లిలో అట్లాగే జనరల్ స్టోర్ పెట్టింది. ఆమె భర్త సింగరేణిలో ఉద్యోగి. ఆ ఊరికి రైలు లేదు. సరుకంతా వ్యానుల మీద రావలసిందే. మొదటి ఆరు నెలలు ఆమె వ్యాపారం చూసి మా ఆవిడ మురిసిపోయింది. ఏడో నెలలో ఫోను.

"బావా, అమ్మకం బాగనే ఉన్నది, చేతిల పైస లేదు. ఎట్లయితదిది?"

వెళ్లి చూస్తే సంగతి తేలింది. ఆమె గిరాకి అంతా నెల జీతగాళ్లు. ఖాతా రాసుకొని, జీతం పడ్డ రోజున ఇస్తారు. సరుకు ఇచ్చే ఏజెన్సీవాళ్లు వారం వారం వచ్చి వసూలు చేసుకుంటారు. మధ్యనున్న మూడు వారాలు ఆమె బంగారు గొలుసు మోస్తున్నది. దానికి తోడు స్కీములు. పన్నెండు డబ్బాలు తీసుకుంటే స్టీలు బకెట్టు ఉచితమని సేల్స్‌మన్ అంటే పుచ్చుకున్నది. బకెట్టు స్నానాల గదిలో ఉన్నది, ఎనిమిది డబ్బాల బిస్కట్లు గడువు దాటి మంచం కింద ఉన్నవి.

నేను చెప్పిన ఉపాయం గొప్పదేమీ కాదు. ఏజెన్సీవారిని వసూలు తేదీ జీతాల తరువాతి వారానికి మార్చమని అడగమన్నాను. ముగ్గురిలో ఇద్దరు ఒప్పుకున్నారు. ఒప్పుకోని మూడో ఆయన దగ్గర ఇప్పుడు రోజుకు అమ్ముడుపోయేంత మాత్రమే తీసుకుంటున్నది. అడిగేదాకా ఈ సంగతి ఎవరూ ఆమెకు చెప్పలేదు మరి!

ఆమె దుకాణంలో విడి నూనె, పొట్లాల కారంపొడి కూడా చూశాను. బిల్లేదమ్మా అంటే, తెలిసిన మనిషే తెచ్చి ఇస్తాడన్నది. తినే వస్తువుల విషయంలో 2006 నాటి ఆహార భద్రత చట్టం ఇంకా గట్టిగా ఉన్నది. సరుకు ఎవరు చేశారో, ఎవరి దగ్గర కొన్నాడో చెప్పలేని అమ్మకందారు తానే జవాబుదారీ. 2022 జనవరి 1 నుంచి టోకు బిల్లు మీద 14 అంకెల ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. నంబరు ఉండాలన్న నియమం కూడా వచ్చింది. ఆ నంబరు లేని కారంపొడి ఇప్పుడు మా మరదలు దుకాణంలో లేదు. తెలిసిన మనిషి కొంత కోపగించుకున్నాడట.

ఇక ఉత్తరం సంగతి. నేను, శిష్యుడు కలిసి మధ్యాహ్నం భోజనాల వేళ దాకా కూర్చున్నాం. మధ్యలో మా ఆవిడ రెండుసార్లు టీ ఇచ్చి, "ఏమండీ, ఇది పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథమా?" అని కూడా అన్నది. వాడు అనుభవం చెప్పాడు, నేను వాక్యం కూర్చాను. లైసెన్సు ఆగిన నెలల్లో వాడు ఊరికే కూర్చోలేదు, దేశీ కోర్సులో చేరాడు. విత్తనాలు, మందులు అమ్మేవారికి వ్యవసాయం నేర్పడానికి హైదరాబాదులోని మేనేజ్ సంస్థ 2003లో మొదలుపెట్టిన ఏడాది చదువు అది. నా క్లాసులో మబ్బులు లెక్కపెట్టినవాడు అక్కడ గింజలు లెక్కపెట్టడం నేర్చుకున్నాడు. తడిపిన గోనెపట్టాలో నూరు గింజలు వరుసగా పేర్చి, చుట్టి, నీడన ఉంచి, వారం తరువాత మొలకలు లెక్కపెట్టాలట. సంకరజాతి పత్తికి నూటికి 75, మిరపకు 60 మొలవాలని ప్రమాణం. మానుకోట వైపు మిరప ఎక్కువ. పది గ్రాముల ప్యాకెట్టు వందల రూపాయలు పలుకుతుంది, పైగా దానికి పత్తికి ఉన్నట్టు ప్రభుత్వం కట్టిన ధర కూడా లేదు. కాబట్టి ఈ గోనెపట్టా విద్య వాడికి పనికివచ్చే విద్యే.

ఉత్తరంలో ఇట్లా రాశాం. ఆర్డరుతోపాటు సగం డబ్బు, సరుకు దిగిన పదిహేను రోజులకు మిగతా సగం. బిల్లు మీద కంపెనీ, రకం, లాట్ నంబరు, పరీక్ష తేదీ ఉండాలి. ప్యాకెట్టు మీద ఉన్నది బిల్లుతో కలవకపోతే ఆ రోజే అదే వ్యానులో వాపసు. ప్రతి లాటు నుంచి ఒక ప్యాకెట్టు విప్పకుండా, ఇద్దరి సంతకాలతో దుకాణంలో దాచాలి. రైతు నుంచి మొలక ఫిర్యాదు వస్తే మూడు రోజుల్లో డిస్ట్రిబ్యూటరు మనిషి చేను దగ్గరకు రావాలి. వాన మీద నేరం వేసే ముందు పక్క చేను కూడా చూడాలి. ఆ పక్క చేను ముక్క వాడిదే. నేను వాక్యం మాత్రం దిద్దాను. ఆయన దగ్గర దొరికే రకాన్ని మరొకరి దగ్గర కొనను, దొరకనప్పుడు చెప్పి కొంటాను అని వాడు తన తరఫున రాసి ఇచ్చాడు. చివరిది, విప్పని ప్యాకెట్లు ఆగస్టు నెలాఖరులోగా వాపసు తీసుకోవాలి.

బుధవారం నాడు వరంగల్ పోయి వచ్చి ఫోను చేశాడు. డిస్ట్రిబ్యూటరు ఉత్తరం రెండుసార్లు చదివాడట. "ఇది ఎవరు రాసిచ్చిండ్రు?" అని అడిగాడట. పక్క చేను ముక్క దగ్గర నవ్వాడట. అన్నింటి కింద సంతకం పెట్టి, చివరి షరతు మీద మాత్రం అడ్డగీత గీశాడు. మిగిలిన ప్యాకెట్లు కంపెనీ తన దగ్గర తీసుకుంటే తాను వీడి దగ్గర తీసుకుంటాడట, లేకపోతే లేదట.

"ఏం జెయ్యమంటరు సార్?"

"కంపెనీ ఏమన్నదో కాగితం మీద చూపించమను. లేదా ముప్పై ప్యాకెట్లు తక్కువ రాయించు."

"ముప్పై గాదు సార్, ఇరవై తగ్గిస్త. మా మామ ఈసారి గూడ నా దగ్గరనే కొంట అన్నడు."

మృగశిర కార్తెకు ఇంకా ఇరవై రోజులున్నది. గోనెపట్టా తడిపి పెట్టుకున్నాడట, సరుకు రావడమే తరువాయి.